మత్స్యావశేషము: రేవునందు, నడికడలియందు

తెల్లవారుజామున మరపడవలు విశాఖపట్టణపు చేపలరేవు చేరి, వేలంపాట ముగిసి, మంచుపొడి నడుమ పేర్చిన పెట్టెలు లారీల కెక్కుచుండగా, జెట్టి కొక ప్రక్కన కత్తిపీటలు ముందిడుకొని కూర్చుండిన స్త్రీలు చిల్లరగా కొనువారి చేపలను శుభ్రముచేసి కోసి యిచ్చుచుందురు. వారి చేతిలోని నేర్పు నిలిచి చూడదగినది. పండుగప్ప నొకదానిని తోకపట్టి యెత్తి, తోకనుండి తలవైపునకు ఎదురుగీతతో పొలుసు రాల్చుట, మొప్పల క్రింద వ్రేళ్ళు దూర్చి వానిని ఒక్క లాగున ఊడదీయుట, పొట్ట చీల్చి ప్రేవులను, వానితోడి పిత్తాశయమును చిట్లకుండ వెలికిదీయుట, నడిముల్లు వెంబడి ముక్కలు కోయుట, ఇదంతయు కొనువాడు చిల్లర లెక్కపెట్టుకొనులోపల ముగిసిపోవును. పిత్తము చిట్లినచో మాంసమునకు చేదెక్కునన్న సంగతి వారికి ఏ శాస్త్రగ్రంథమును చెప్పనక్కరలేదు. కాని కొనినవాడు సంచి పట్టుకొని వెడలిన పిమ్మట కత్తిపీట ముందు మిగిలియున్న కుప్పను గూర్చి ఆలోచించువారు తక్కువ. తల, మొప్పలు, ప్రేవులు, రెక్కలు, పొలుసు, నడిముల్లు, ఇవన్నియు కలసి పెక్కు జాతుల చేపలలో మొత్తము బరువున మూడవవంతునకు తక్కువ కావు. ముల్లులేని ముక్కలుగా కోసినచో సగమును మించుటయు కలదు. రొయ్యలయందైతే తలయు పెంకుమాత్రమే సగమునకు సమీపించును. మన తీరమునందే గాక దేశదేశముల తీరములందును ఈ కుప్పకు తరతరములుగా లభించుచున్న గతి యొక్కటే. అది దాపుననున్న నీటిలోనికి త్రోయబడుచున్నది. ఇట్లేల యని యడిగినచో ఉత్తరాంధ్ర తీరమున వినవచ్చు సమాధానము, "సంద్రంలోంచి వచ్చింది, సంద్రంలోకే పోతాది బాబూ" అనునది.

ఈ సమాధానమును అజ్ఞానమని త్రోసిపుచ్చుట తగదు. ప్రకృతియందు పదార్థము నశింపదనియు, ఒక ప్రాణి కళేబరము మఱియొక ప్రాణికి ఆహారమగుననియు, ఇచ్చినదానిని కడలి మరల పుచ్చుకొనుననియు తరతరముల అనుభవముచేత తెలిసికొనిన వారి మాట అది. ఆ మాటలో సగము నిక్కమైన సత్యమే. మిగిలిన సగమును విడదీసి చూపుటయే ఈ అధ్యాయమునకు ప్రయోజనము. చేప యవశేషము స్వభావముచేత విషము కాదు, అమృతమును కాదు. అది ఏ స్థలమున, ఎంత రాశిగా, ఎంత వేగముతో నీటిలో పడుచున్నదను మూడు సంగతులను బట్టి ఆహారమో ఉపద్రవమో అగుచుండును.

ముందుగా సత్యమైన సగమును చూతము. తీరమునకు పెక్కు మైళ్ళ దూరమున, నూర్ల మీటర్ల లోతున్న నీటిపైనుండి ఒక పడవవారు పొట్టచీల్చిన చేపల ప్రేవులను విడిచినారనుకొందము. వానిలో కొంత పైనీటనే పక్షులకును చిన్నచేపలకును చిక్కును. కొంత క్రిందికి దిగుచు ఇతర మత్స్యములకు గ్రాసమగును. అడుగు చేరిన కొలదిపాటి శేషమును ఎండ్రకాయలును, నత్తలును, సూక్ష్మజీవులును పంచుకొనును. ప్రవాహములు నిరంతరము క్రొత్తనీటిని తెచ్చుచుండుటచేత ఏ చోటను ప్రాణవాయువునకు కొఱత కలుగదు. ఈ కారణము చేతనే, సముద్రములో వ్యర్థములు పారవేయుటను నిరోధించుటకై ఏర్పడిన 1996 నాటి లండన్ ఒప్పందము, సాధారణముగా అన్నిటిని నిషేధించుచునే, అనుమతింప నాలోచింపదగినవను స్వల్పమైన పట్టికయందు చేప వ్యర్థమును చేర్చినది. అమెరికా సంయుక్త రాష్ట్రముల 1972 నాటి శాసనమును బహిరంగ సముద్రమున చేప వ్యర్థమును విడుచుటకు సాధారణముగా అనుమతిపత్రము కోరదు. కాని ఓడరేవులును, అట్లే చుట్టును మూసికొనియున్న తీరజలములును ఈ మినహాయింపునకు వెలి యని స్పష్టముగా చెప్పుచున్నది. శాసనకర్తలు గీచిన ఈ గీత కేవలము పరిపాలనా సౌకర్యమునకై గీచినది కాదు. దాని క్రింద రసాయనశాస్త్రము కలదు.

రేవు అనగా నేమి? అలల తాకిడినుండి పడవలను రక్షించుటకై రాతికట్టలు కట్టి, నీటిని నిశ్చలముగా నిలిపిన చోటు. పడవకు మేలుచేయు ఈ నిశ్చలత్వమే నీటికి కీడు చేయుచున్నది. విశాఖ తీరమున పెద్దపోటునాడు సైతము పోటుపాటుల నడుమ నీటిమట్టపు భేదము సుమారు ఒకటిన్నర మీటరు మాత్రమే. పశ్చిమమున ఖంభాత్ సింధుశాఖయందు పోటునీరు పది మీటర్లవరకు లేచి దిగుచుండును. అంతటి పోటు ఉన్నచోట రేవునీరు దినమునకు రెండుమారులు తనంత తానే కడుగబడును. మన తూర్పుతీరపు రేవునకు ఆ భాగ్యము లేదు. పడినది పడినచోటనే చాలసేపు నిలిచియుండును.

నిలిచియుండినచో ఏమగునో యొక చిన్న లెక్కవలన తెలిసికొనవచ్చును. ఒక కిలో చేప యవశేషమున సుమారు 150 గ్రాముల మాంసకృత్తులును, 50 గ్రాముల క్రొవ్వును ఉండునని యెంచుదము. తక్కినది ప్రధానముగా నీరును, ఎముకలోని ఖనిజమును. ఈ సేంద్రియ పదార్థమును సూక్ష్మజీవులు పూర్తిగా దహింపవలెనన్నచో వానికి 300 గ్రాములకు మించిన ప్రాణవాయువు కావలెను. 28 డిగ్రీల వెచ్చనగు సముద్రజలమునందు, గాలితో బాగుగా కలిసియున్నపుడు సైతము, లీటరునకు సుమారు 6 మిల్లీగ్రాముల ప్రాణవాయువే కరగియుండును. అనగా ఒక్క కిలో ప్రేవులును తలలును దాదాపు 50 వేల లీటర్ల నీటిలోని ప్రాణవాయువును హరింపజాలును. పది మీటర్ల పొడవును, అయిదు మీటర్ల వెడల్పును, ఒక మీటరు లోతును గల నీటిపట్టు అది. గాలినుండి ప్రాణవాయువు ఎడతెగక నీటిలోనికి చేరుచుండుననియు, అవశేషమంతయు ఒక్క దినమున కుళ్ళదనియు నిజమే. అయినను లీటరునకు 2 మిల్లీగ్రాములకు దిగువకు జారినచో పెక్కు చేపలును రొయ్యలును నిలువలేక పారిపోవును, లేక చచ్చును. ఆ స్థితిని తెచ్చుటకు మొత్తము హరింపనక్కరలేదు, మూడింట రెండుపాళ్ళు చాలును. రేవులో పడునది ఒక్క కిలోయును కాదు.

ప్రాణవాయువు అడుగంటిన పిమ్మట కుళ్ళుట ఆగదు. దాని తీరుమాత్రము మారును. సముద్రజలమున కిలోకు సుమారు 2.7 గ్రాముల సల్ఫేటు కలదు. ప్రాణవాయువు లేనిచోట బ్రతుకు కొన్ని సూక్ష్మజీవులు ఈ సల్ఫేటును శ్వాసకు వాడుకొని, హైడ్రోజన్ సల్ఫైడును విడుచును. మురిగిన గ్రుడ్డు కంపు దానిదే. అడుగున నున్న ఇనుముతో అది కలిసి నల్లని సల్ఫైడగును. కావుననే రేవులలో లంగరు పైకి లాగినపుడు దానికంటియున్న బురద కాటుకవలె నల్లగా నుండును. ఆ వాయువు మొప్పలుగల ప్రాణులకు తీక్ష్ణమైన విషము.

ఇంతటితో ఋణము తీరదు. మాంసకృత్తులలో ఆరవవంతు నత్రజని. పై కిలోలో అది సుమారు 24 గ్రాములు. కుళ్ళుటతో అమ్మోనియాగా విడివడి, సూర్యరశ్మి గల పైనీట సూక్ష్మశైవలములకు ఎరువగును. సముద్రపు శైవలములు తమ దేహమున కర్బనమును, నత్రజనిని, భాస్వరమును 106, 16, 1 అను పరమాణు నిష్పత్తిలో చేర్చుకొనునని అమెరికా శాస్త్రజ్ఞుడు ఆల్ఫ్రెడ్ రెడ్‌ఫీల్డ్ చూపెను. ఆ నిష్పత్తి ప్రకారము 24 గ్రాముల నత్రజని సుమారు 136 గ్రాముల కర్బనమును శైవలరూపమున పెంచగలదు. ఆ శైవలము చచ్చి అడుగున పడి కుళ్ళునపుడు కోరు ప్రాణవాయువు, మొదట అవశేషము కోరినదానికి తీసిపోదు. పగటివేళ పైనీట శైవలము ప్రాణవాయువును పుట్టించుననుట సత్యమే. కాని ఆ సంపద పైన, ఈ ఋణము అడుగున. నిశ్చలమైన వెచ్చని నీటిలో ఆ రెండును కలియుట కష్టము.

ఇక రేవునకు వెళ్ళిన ప్రతివానికిని మొట్టమొదట తగులు దుర్గంధమును గూర్చి కొంత విస్తరింపవలసియున్నది. ఏలయన నిందంతయు దానిమీదనే పడుచున్నను దాని పుట్టుక బహురమణీయమైనది. ఉప్పునీట బ్రతుకు చేప, తన దేహములోని నీటిని సముద్రపు ఉప్పు పీల్చుకొనకుండుటకును, తన మాంసకృత్తుల నిర్మాణము చెదరకుండుటకును ట్రైమిథైలమీన్ ఆక్సైడు అను పదార్థమును కండరములలో నిలువచేసికొనును. ఎంత లోతున బ్రతుకు చేపయో అంత హెచ్చుగా దానిని కూడబెట్టును. పైనీటి భారము మాంసకృత్తులను నలిపివేయకుండ అది కాపాడును. సొరచేపలును టేకులును రక్తమున యూరియాను మోయునవి గనుక, యూరియా చేయు హాని నుండి తప్పించుకొనుటకు ఆ పదార్థమే వానికి శరణము. ఆ దశలో దానికి వాసన లేదు. చేప చచ్చిన పిమ్మట సూక్ష్మజీవులు దానినుండి ప్రాణవాయువును లాగికొని ట్రైమిథైలమీనును మిగుల్చును. రేవు కంపు ప్రధానముగా ఇదియే. సొరయందైతే యూరియా విరిగి అమ్మోనియాయును తోడగును. మంచినీటి శీలావతియందును బొచ్చెయందును ఆ మూలపదార్థము మిక్కిలి తక్కువ గనుక వాని వాసన వేరు. ట్రైమిథైలమీను క్షారగుణము కలది. ఆమ్లము తగిలినచో గాలిలోనికి లేవని లవణముగా మారిపోవును. మన తల్లులు చేపముక్కలకు చింతపండు పులుసు పట్టించుట రుచికొఱకే యనుకొందుము. చింతపండులోని టార్టారిక్ ఆమ్లము ఈ కార్యమును కూడ నిర్వహించుచున్నది. ఇదే ఆమ్లసూత్రమును అవశేషముల కుప్పకు వర్తింపజేసినచో ఎంతటి మేలు కలుగునో ముందు చెప్పుదును.

అవశేషమును నీటిలో వేయక ఇసుకలో పూడ్చుట మేలుకదా యని కొందఱు తలంతురు. తీరపుటిసుక మట్టి కాదు. అందు బంకమన్ను లేదు, కుళ్ళుటకు తోడ్పడు మట్టిజీవులు తక్కువ, జిగట లేదు. పూడ్చినదానిని రెండు పోటులలో అల వెలికితీయును. అల తీయనిచో కుక్కలు తీయును. కుక్కలను తీరమునకు అలవాటుపఱచుట స్వల్పవిషయము కాదు. జనవరి మొదలు ఏప్రిలువరకు మన తీరమున ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు రాత్రివేళ ఒడ్డెక్కి, ఇసుకలో గుంట త్రవ్వి, నూరుకు అటునిటు గ్రుడ్లు పెట్టి కప్పిపోవును. పిల్లలు వెలువడుటకు సుమారు 45 మొదలు 60 దినములు పట్టును. ఇసుకలోనుండి చేప కంపు తగిలిన చోటనెల్ల త్రవ్వుటకు అలవడిన కుక్క తాబేలు గూటిని విడుచునా? అటవీశాఖవారును స్వచ్ఛంద సేవకులును రాత్రులు తిరిగి గ్రుడ్లను సేకరించి కంచెలలోనికి మార్చుచున్నది ఇటువంటి శత్రువులనుండి కాపాడుటకే. ఆ శత్రువునకు మనమే మేత వేయుట ఎంత విపరీతము!

కుక్కకంటె చిన్నదైన మఱియొక శత్రువును గూర్చి మత్స్యకారులకు ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. నీలియాకుపచ్చ మెఱుపుగల పెద్ద ఈగ యొకటి, క్రైసోమయా మెగసెఫలా అని శాస్త్రనామము, కుళ్ళు మాంసమున గ్రుడ్లు పెట్టును. మన ఎండవేడిమిలో గ్రుడ్డు ఈగగా మారుటకు పది దినములు చాలును. ఆసియా తీరములందు ఎండుచేపలకు పట్టు పురుగులలో దీనిదే అగ్రస్థానము. వానకారున మబ్బుపట్టి ఆరవేసిన సావిడాయలును నెత్తళ్ళును త్వరగా ఎండనపుడు ఈ ఈగ వానిపై వ్రాలి గ్రుడ్లు పెట్టును. రెండు దినములలో పురుగు తిరిగి సరకు పాడగును. ఆ ఈగలు పుట్టినచోటు దూరమున లేదు, రేవు ప్రక్కనున్న అవశేషముల కుప్పయే. పురుగుపట్టకుండుటకై కొన్నిచోట్ల ఎండుచేపలమీద క్రిమినాశక మందులు చల్లు దుస్సాహసమును చూచితిమి. తినువాని యారోగ్యమునకు అది చేయు హాని చెప్పనక్కరలేదు. కుప్పను తొలగించుటయే ఆ రోగమునకు మూలచికిత్స.

వన్యప్రాణుల నడవడియు మారుచుండును. ఆస్ట్రేలియాలో సిడ్నీకి దక్షిణముననున్న జర్విస్ అఖాతమున, వుల్లామియా అను పడవలరేవునందు వినోదార్థము చేపలుపట్టువారు ఒడ్డుననున్న బల్లలపై చేపలు కోసి అవశేషమును నీటిలో వేయుచుండగా, మీటరునకు మించిన వెడల్పుగల టేకుచేపలు అచ్చట చేరుటకు అలవడినవి. అవి పడవలు తిరిగివచ్చు వేళనే ముందుగా ఎఱిగి వచ్చి వేచియుండుటను పరిశోధకులు గమనించిరి. తోకముల్లుగల ఆ ప్రాణి స్వభావముచేత సాధువే. కాని మనుష్యులు కాలుపెట్టు లోతులేని నీటిలో దానిని గుమికూర్చుట ఇరువురికిని మేలుకాదు. ఫ్లోరిడా తీరమున గోధుమవన్నె గూడబాతులకు కలుగు కష్టము ఇంతకంటె దారుణము. గూడబాతు చిన్నచేపను తలవైపునుండి మ్రింగునది. బ్రతికియున్న చేప రెక్కముళ్ళు శరీరమునకు అదుముకొనియుండుటచేత అది సులభముగా జారిపోవును. మాంసము కోసిన పెద్దచేప అస్థిపంజరమును దయతో విసరినచో దాని కొస ముళ్ళు గొంతుసంచిని చీల్చును, లేక గొంతున అడ్డుపడి పక్షి ఆకలితో చచ్చును. నేలపట్టునను అటపాకయందును గూడబాతులను చూచి మురియు మనము, కొల్లేటి యొడ్డున పెద్దచేపల ముళ్ళకంకాళములను వానికి విసరరాదని పిల్లలకు నేర్పుట అవసరము.

రొయ్య తలలను పెంకులను గూర్చి వేరుగా, మిక్కిలి గట్టిగా చెప్పవలసియున్నది. ఈ విషయమున ఆంధ్రతీరము చెల్లించిన వెల చిన్నది కాదు. 1994, 95 సంవత్సరములలో తెల్లమచ్చ వైరస్ నెల్లూరు మొదలుగా మన రొయ్యలచెరువులను ఊడ్చివైచినది. అది మనుష్యునకు ఏ హానియు చేయదు. రొయ్యకును ఎండ్రకాయకును మాత్రము యముడు. మంచులో గడ్డకట్టించినను అది చావదు. కావున రోగముపట్టిన రొయ్యను శుద్ధిచేసి తలలను కాలువలో వేసినచో, ఆ నీటిని తోడుకొను చెరువునకు రోగము తానే నడచివచ్చును. దక్షిణ క్వీన్స్‌లాండ్‌లోని లోగన్ నదీతీరపు చెరువులందు 2016 చివర ఈ వైరస్ బయటపడినపుడు, వంటకై దిగుమతియైన పచ్చిరొయ్యలను గాలములకు ఎరగా వాడుటవలన వచ్చియుండునేమోయని అనుమానింపబడినది. అది ఋజువు కాలేదు. అయినను సూపర్‌మార్కెట్టులో కొన్న రొయ్యను ఎరగా వాడరాదని అచ్చటివారు ప్రచారము చేయుచున్నారు. దేశమున రొయ్యల పెంపకములో అగ్రస్థానమున నున్న మన రాష్ట్రమునకు ఈ జాగ్రత్త మఱింత ప్రాణప్రదము. ఒక చెరువు రొయ్య వ్యర్థమును మఱియొక నీటిపట్టునకు చేరనీయరాదు. దానిని కాల్చుటయో, ఉడికించుటయో, పెంకుల కర్మాగారమునకు పంపుటయో వలయును.

నడికడలియందు విడుచుట నిరపాయమని మునుపు చెప్పితిని; దానికి ఒక సవరణ కలదు. పెక్కు సముద్రచేపల ప్రేవులయందు అనిసాకిస్ అను నులిపురుగు చుట్టచుట్టుకొని యుండును. తిమింగిలములయందును సీళ్ళయందును పెద్దదై గ్రుడ్లుపెట్టు ఈ పురుగు, చిన్నదశలో చేపనుండి చేపకు, అనగా తినబడిన చేపనుండి తినిన చేపకు పోగలదు. పడవమీదనే పొట్టలు చీల్చి ప్రేవులను నీటిలో వేయుటవలన ఆ చోటనున్న చేపలయందు పురుగుల సంఖ్య పెరుగునని యూరపులోని పరిశోధకులు భావించి, ప్రేవులను విడుచుటకు ముందు పురుగులను చంపు యంత్రములను గూర్చి యత్నించిరి. మనకు చేపను బాగుగా ఉడికించి తిను అలవాటుండుటచే ఆ భయము తక్కువ.

ఇంతవరకు కీడునే చెప్పితిని. ఇక ఈ కుప్పయొక్క విలువను చూడవలసియున్నది; అది తెలిసినచో ఎవ్వరును నీటిలో వేయ నిచ్చగింపరు. కచిడి అను చేపను గోదావరి మత్స్యకారు లెల్లరు ఎఱుగుదురు. అది వలలో చిక్కిన దినము ఆ యింట పండుగ. ఒక్క చేప లక్షలకు అమ్ముడుపోయిన వార్తలు పత్రికలలో వచ్చుచుండును. ఆ వెల మాంసమునకు కాదు, పొట్టలోని గాలితిత్తికి. నీటిలో తేలుటకు చేపకు తోడ్పడు ఆ తిత్తి దాదాపుగా శుద్ధమైన కొల్లాజెన్. తూర్పు ఆసియా దేశములలో భోజనవస్తువు, మద్యములను తేటపఱచుటకు సాధనము. ఇతర చేపల తిత్తులు, చర్మములు, పొలుసు, ఇవియు కొల్లాజెన్ రాశులే. ఐస్‌లాండ్‌లో కాడ్‌చేప చర్మమును శుద్ధిచేసి మానని పుండ్లపై అంటించు వైద్యము వ్యాప్తికి వచ్చియున్నది. బ్రెజిల్ వైద్యులు కాలిన గాయములపై తిలాపియా చర్మమును వాడుచున్నారు. రొయ్య పెంకునుండి లభించు కైటిన్‌ను మొదట 1811లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు బ్రాకొన్నో పుట్టగొడుగులయందు కనుగొనెను. దానినుండి తయారగు కైటోసాన్ నీటిని తేటపఱచుటకును, రక్తస్రావమును ఆపు పట్టీలకును ఉపయోగపడుచున్నది. కొచ్చిలో 1957లో స్థాపింపబడిన కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ ఈ పద్ధతులను మన దేశమున నెలకొల్పినది. దాని పరిశోధనా కేంద్ర మొకటి విశాఖయందే యున్నది.

అయితే కత్తిపీట ముందరి ఆమెకు కైటోసాన్ కర్మాగారము దూరము. ఆమెకు అందుబాటున నుండవలసినది పీపాయును, ఆమ్లమును. తరిగిన అవశేషమున నూటికి మూడుపాళ్ళ ఫార్మిక్ ఆమ్లమును కలిపినచో, పుల్లదనపు కొలమానము (pH) 4కు దిగువకు దిగి, కుళ్ళించు సూక్ష్మజీవులు నిలిచిపోవును. కాని చేప ప్రేవులలోని జీర్ణరసములు ఆ పులుపులో చక్కగా పనిచేసి తలలను కండను తామే కరగించును. కొన్ని దినములలో అది చిక్కని గోధుమవన్నె ద్రవమై, నెలల తరబడి నిలువ యుండును. పందులకును కోళ్ళకును చేపలకును మేతలో కలుపవచ్చును. పచ్చిగడ్డిని ఆమ్లముతో నిలువచేయు పద్ధతిని ఫిన్లాండ్ రసాయనవేత్త విర్తానెన్ రూపొందించి 1945లో నోబెల్ బహుమానము పొందెను. దానిని చేపకు అన్వయించి స్వీడన్, డెన్మార్క్ దేశములవారు పరిశ్రమగా చేసికొనిరి. ఫార్మిక్ ఆమ్లము చేతులను కాల్చునది. రబ్బరు తొడుగులు లేక తాకరాదు. ఆమ్లము వలదనువారు సమాన తూకమున బెల్లము కలిపి పులియబెట్టవచ్చును. మన ప్రకృతి వ్యవసాయదారులు కొందఱు ఈ ద్రవమును నీటిలో పలుచన చేసి పైరుకు చల్లుచున్నారు. వారు చేయునది పూర్వులు ఎఱుగనిది కాదు. సురపాలుని వృక్షాయుర్వేదమున చెప్పబడిన కుణపజలమునందు చేపలును మాంసమును ఉడికించి పులియబెట్టి చెట్లకు పోయు విధానము కలదు.

ఇంతకంటె సులభమైనది కంపోస్టు. చేప యవశేషమున నత్రజని యధికము, కర్బనము అల్పము. ఒంటిగా పోగుచేసినచో అమ్మోనియాగా పోయి కంపుకొట్టును. దానికి తోడుగా కర్బన సమృద్ధమైన ఎండుపదార్థము కావలెను. కోనసీమలో కొబ్బరిపీచు తీసిన పిమ్మట మిగులు పొట్టు గుట్టలుగా పడియుండును. అందు కర్బనము నత్రజనికి నూరు రెట్లకు పైన. కిలో అవశేషమునకు సుమారు ఒకటిన్నర కిలోల ఎండుపొట్టు కలిపినచో రెండు భాగముల లోపములును తీరి, సూక్ష్మజీవులకు అనుకూలమైన 27 రెట్ల దరికి నిష్పత్తి వచ్చును. రాశి లోపల వేడిమి 55 డిగ్రీలు దాటి, రోగకారకములును ఈగల పురుగులును నశించును. పైపొరగా జానెడు పొట్టు ఎప్పుడును కప్పియుంచవలెను. ఒక కిలో అవశేషములోని నత్రజని సుమారు 50 గ్రాముల యూరియాకు సమానము. దానికి తోడు ముల్లునందలి భాస్వరమును సున్నమును యూరియా ఈయజాలనివి.

ఒకటి రెండు చేపలు పట్టుకొని వినోదార్థము తీరమునకు వచ్చువానికి ఈ యేర్పాటులేవియు నక్కరలేదు. ఐసుపెట్టెలో ఒక డబ్బా నుంచుకొని తలలను ప్రేవులను ఇంటికి తెచ్చి, తలలను పులుసులో వేసికొని, ప్రేవులను కొబ్బరిచెట్టు మొదట మోచేయి లోతున మట్టిలో పూడ్చవచ్చును. ప్లాస్టిక్ సంచిలో కట్టి నీటిలో విసరుట అన్నిటికంటె చెడ్డది. లోపలిది నెలలో పోవును, సంచి శతాబ్దము నిలుచును.

రేవునందు బాధ్యత ఎవరిదని యడిగినచో, కత్తిపీట ముందరి స్త్రీలది మొదట కాదని నా దృఢమైన అభిప్రాయము. వారికి కూర్చుండుటకు ఎత్తయిన బల్ల లేదు, కడుగుటకు మంచినీటి కుళాయి లేదు, మూతగల పీపా లేదు. ఉన్నచోట దానిని మోసుకొనిపోవు బండి మిట్టమధ్యాహ్నము వచ్చును, అప్పటికి పీపాలోనిది పురుగుపట్టియుండును. కచిడి తిత్తికి కొనుగోలుదారు గంటలోపల రేవునకు పరుగెత్తివచ్చుచుండగా మామూలు చేప ప్రేవులకు ఎవ్వరును రాకపోవుటకు కారణము వాని విలువ తక్కువగుట మాత్రమే కాదు. అవి ఒక్కచోట, చెడిపోకముందు, చాలినంత రాశిగా దొరకకపోవుట. తీరనియంత్రణ ప్రకటనలు 1991 నుండి ఒడ్డున వ్యర్థము వేయరాదని చెప్పుచునే యున్నవి. బల్ల, కుళాయి, పీపా ఇచ్చిన రేవునందే ఆ నిషేధమునకు న్యాయమైన బలము చేకూరును. వానికి తోడు కావలసినవి ఇవి: రొయ్య వ్యర్థమునకు వేరొక రంగు పీపా. చేప వ్యర్థము పడిన ప్రతిసారియు కొలచి పోయుటకు ఆమ్లపు డబ్బా. తూకము వేసి, కిలోకింత యని కోసిన స్త్రీకే చెల్లించు చీటీ. ఎండ ముదురకముందే, ఉదయము తొమ్మిది గంటలకు ముందుగా, పీపాలను తరలించు బండి. ఏప్రిలు 15 మొదలు జూన్ 14 వరకు మరపడవల వేట నిలిచియుండు 61 దినములు మన తూర్పుతీరమునకు ఏటేట దొరకుచున్నవి. జెట్టి ఖాళీగా నుండు ఆ రోజులలో బల్లలు కట్టుటకును, అడుగున పేరిన నల్లబురదను తోడివేయుటకును వీలగును.